డిమెన్షియా మీద సదస్సు పెట్టాం, అవసరం ఉన్నవాళ్లే రాలేదు. ఎక్కడ తప్పింది?

చాక్‌పీసు
మొన్న ఆదివారం మా కాలనీలో డిమెన్షియా మీద, అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లగా దెబ్బతినే జబ్బు మీద, అవగాహన సదస్సు పెట్టాం. నెల రోజులు ఇల్లిల్లూ తిరిగాం. నరాల డాక్టరుగారు వచ్చి గంటన్నర మాట్లాడారు, స్లైడ్లు చూపించారు. 80 కుర్చీలు వేస్తే 46 మంది వచ్చారు. తీరా చూస్తే వాళ్లలో ఇంట్లో ఈ జబ్బున్న మనిషిని చూసుకుంటున్నది ఒక్కావిడే. ఆవిడ కూడా పావుగంటకే ఫోను మోగితే లేచి పరుగెత్తింది. నాకు తెలిసి మా చుట్టుపక్కల ఏడిళ్లలో ఉన్నారు. ఏడిళ్లకీ నేనే వెళ్లి పిలిచాను. "తప్పకుండా వస్తాం టీచర్" అన్నారు.

మా వారు ఆరేళ్లు ఈ జబ్బుతో ఉండి రెండేళ్ల కిందట పోయారు. ఆ ఆరేళ్లలో మొదటి మూడేళ్లు అది జబ్బని తెలియకుండానే గడిచిపోయాయి. చెక్కు మీద సంతకం కుదరకపోతే చిరాకు పడ్డాను. అడిగిందే అడిగితే "ఇప్పుడేగా చెప్పాను" అని అరిచాను. అరిచాక ఆయన ముఖం ఎలా అయిపోయేదో నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది. ఇది జబ్బమ్మా అని ఎవరైనా ఒక్కరు చెప్పి ఉంటే ఆ అరుపులు ఉండేవి కావు. అందుకే ఈ పని పట్టుకున్నాను. మళ్లీ పెడదామంటున్నారు మావాళ్లు. అలాగే పెడితే మళ్లీ అలాగే అవుతుంది. కటువుగా చెప్పినా పర్వాలేదు, చెప్పండి.

బావిగిలక
సిగ్గు. మా నాన్న విషయంలో మా అన్నయ్య "నలుగురికీ తెలిస్తే చులకనైపోతాం" అని గేటుకి తాళం వేశాడు. ఎవరొచ్చినా "పడుకున్నారు" అని చెప్పేవాళ్లం. ఏడాదిన్నర అలాగే చెప్పాం. పోస్టరు మీద "డిమెన్షియా కుటుంబాల కోసం" అని రాసి ఉంటే, ఆ హాల్లోకి అడుగు పెట్టడమంటే మా ఇంట్లో ఉందని చెయ్యెత్తి చెప్పడమే కదా.

రాత్రిడ్యూటీ
బావిగిలక చెప్పింది కొంత నిజమే. కానీ నేను రాలేకపోవడానికి కారణం సిగ్గు కాదు. మా అత్తగారికి ఇది నాలుగో ఏడు. నేను స్నానానికి వెళ్తే గడియ పెట్టుకోను. కుళాయి ధారగా వదలను, ఆ చప్పుడులో ఆవిడ పిలుపు వినబడదని. సదస్సు రెండు గంటలు, రాకపోకలకి ఇంకో అరగంట. ఆ రెండున్నర గంటలు ఆవిడ దగ్గర ఎవరుంటారో మీ పోస్టరు మీద ఉందా? "కుటుంబ సభ్యులందరూ రావాలి" అని ఉండి ఉంటుంది. అందరం వస్తే ఆవిడ సంగతేంటి?

పోయిన వారం కొరియరు వస్తే గేటు దాకా వెళ్లి సంతకం పెట్టి వచ్చాను. రెండు నిమిషాలు పట్టిందేమో. వచ్చేసరికి స్టవ్ వెలిగించి దాని మీద ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. అడుగు కరిగి బర్నరు మీద తీగలు సాగుతోంది. ఆవిడ గోడకి ఆనుకుని చీర కుచ్చెళ్లు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డారు. "నువ్వే పెట్టమన్నావు కదమ్మా" అన్నారు, బెదిరిపోయి. ఆ చూపు చూశాక కోప్పడలేం, ఏడవలేం.

మీ ఏడిళ్లవాళ్లు అబద్ధం చెప్పలేదు టీచరుగారూ. రావాలనే అనుకుని ఉంటారు. పావుగంట కూర్చుని వెళ్లిందన్నారే, ఆవిడ ఆ పావుగంట కోసం ఎంతమందిని బతిమాలిందో.

చాక్‌పీసు
మూడుసార్లు చదివాను మీ పోస్టు. ఆరేళ్లు నేనూ గడియ పెట్టకుండానే స్నానం చేశాను. ఆయన పోయిన రెండేళ్లకే అది మర్చిపోయి కుర్చీల లెక్క చూసుకున్నాను. ఇప్పుడు చెప్పండి, మీరు రావాలంటే నేనేం చెయ్యాలి?

రాత్రిడ్యూటీ
మమ్మల్ని ఒక్కళ్లనే పిలవకండి. ఆవిడతో సహా పిలవండి. ఆవిడ దగ్గర కూర్చోడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టండి.

గళ్లచొక్కా
డాక్టరుగారి స్లైడ్లలో మెదడు బొమ్మలు ఎన్ని?

చాక్‌పీసు
పదకొండు. లెక్కపెట్టాను కూడా.

గళ్లచొక్కా
బాత్రూము బొమ్మలు?

చాక్‌పీసు
ఒక్కటీ లేదు.

గళ్లచొక్కా
ఈసారి తిరగెయ్యండి. పదకొండు బాత్రూములు, ఒక మెదడు. హాలు నిండకపోతే నన్నడగండి.

తూర్పుగాలి
గళ్లచొక్కా మాటకి నవ్వాను, ఒప్పుకోను మాత్రం. మెదడు బొమ్మ చూపించకపోతే జనం "వయసైపోయింది, అంతే" అనుకుంటారు. ఆల్జీమర్ డాక్టరు 1901లో మొదటిసారి చూసిన ఆగస్ట్ అనే ఆవిడకి అప్పుడు 51 ఏళ్లే. ఆవిడ పోయాక 1906లో మెదడు పరీక్ష చేసి, లోపల ఏం పేరుకుందో చెప్పాడు కాబట్టే అది చాదస్తం కాదు, జబ్బు అని లోకానికి తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021 నాటికి 5.7 కోట్ల మంది డిమెన్షియాతో ఉన్నారు, ఏటా ఇంకో కోటి మంది దాకా కొత్తగా చేరుతున్నారు. అందులో 60 నుంచి 70 శాతం ఆ డాక్టరు పేరుతో పిలిచే ఆల్జీమర్స్ రకమే. ఇంతమందికి ఉందని తెలిస్తేనే బావిగిలక అన్నయ్యలాంటివాళ్లు గేటు తాళం తీస్తారు.

ఇంకోటి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ డిమెన్షియా ముప్పు పెంచే 14 కారణాలు చెప్పింది. బీపీ, షుగరు, పొగ, వినికిడి తగ్గడం, చూపు తగ్గినా వైద్యం చేయించకపోవడం, కొలెస్టరాల్, ఒంటరితనం, తక్కువ చదువు, తలకి దెబ్బలు ఇలాంటివి. ఈ పద్నాలుగూ సరిచేసుకుంటే దాదాపు 45 శాతం కేసులు రాకుండా ఆపొచ్చు, లేదా వెనక్కి నెట్టొచ్చు అని. ఆ 46 మందీ వేస్టు కాదు టీచరుగారూ. వాళ్లకి ఇంకా రాలేదు. వాళ్లకి చెప్పాల్సింది అదే.

వేపగాలి
45 శాతం అని చదివి గుండె జారింది. మా అమ్మకి పదేళ్లుగా సరిగ్గా వినబడదు. చెవి మిషను పెట్టించుకోమంటే వద్దంది, మేమూ ఊరుకున్నాం. అంటే మేము ఊరుకోబట్టే వచ్చిందా?

తూర్పుగాలి
కాదండీ, అలా అనుకోవద్దు. నేను సరిగ్గా రాయలేదు. అది లక్షల మంది మీద వేసిన లెక్క. ఫలానా మనిషికి ఫలానా కారణం వల్ల వచ్చిందని ఆ లెక్క చెప్పదు. బాగా వినబడేవాళ్లకీ వస్తుంది, మిషను పెట్టుకోనివాళ్లలో చాలామందికి రాదు కూడా.

సూదిమందు
వేపగాలి గారూ, ఇప్పుడైనా చెవులు చూపించండి. గులిమి గట్టిపడి వినబడనివాళ్లని నా సర్వీసులో ఎంతమందిని చూశానో. వినబడకపోతే మనం అడిగింది అర్థంకాక తప్పు జవాబు చెప్తారు, అది జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది. చెవి బాగైతే జబ్బు పోదు గానీ అమ్మ మళ్లీ మీ మాటల్లో పడతారు.

ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను కాబట్టి ఇంకో రెండు చెప్తాను. మతిమరుపంతా డిమెన్షియా కాదు. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా, లోపల దిగులు పట్టినా, పడినప్పుడు తలలో రక్తం చేరినా, కొన్ని మందుల వల్లా అచ్చం ఇలాగే ఉంటారు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. అందుకే "పెద్దతనం కదా" అని ఇంట్లో కూర్చోకూడదు.

రెండోది. ఈ జబ్బు నెలల మీద, ఏళ్ల మీద మెల్లగా దిగజారుతుంది. నిన్నటిదాకా ఒకలా ఉన్న మనిషి ఇవాళ్టికివాళ మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, మగతగా పడున్నా, లేనివి కనిపిస్తున్నాయన్నా అది వేరు. మూత్రంలో ఇన్ఫెక్షనో, ఊపిరితిత్తుల్లో నిమ్మో, ఒంట్లో నీళ్లు తగ్గడమో, కొత్త మందో అయ్యుంటుంది. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. "జబ్బు పెరిగింది" అని ఇంట్లో ఉంచేసి మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు.

గళ్లచొక్కా
సూదిమందు గారూ, స్నానం సంగతి చెప్పండి. మా బాబాయి స్నానం అంటే కొట్టడానికి వస్తాడు. మనిషి చూస్తే చీమకి కూడా హాని చెయ్యనివాడు.

సూదిమందు
భయం నాయనా అది, కోపం కాదు. ఎవరో బట్టలు విప్పుతున్నారు, నెత్తి మీద నీళ్లు పోస్తున్నారు, ఎందుకో ఆయనకి తెలియదు. నువ్వైనా చెయ్యెత్తుతావు. "స్నానం చేస్తావా" అని అడక్కు, వద్దనే అంటారు. నీళ్లు ముందే తోడి ఉంచు, గది వెచ్చగా ఉండాలి. భుజాల మీద తువ్వాలు కప్పే ఉంచు, కప్పే కడుగు. ముందు పాదాల మీద పొయ్యి. చెంబు ఆయన చేతికే ఇవ్వు, పని చేస్తున్న చెయ్యి కొట్టదు. అప్పటికీ వద్దంటే ఆ రోజుకి వదిలెయ్యి. తడిగుడ్డతో తుడిస్తే చాలు, రోజూ స్నానం చెయ్యకపోతే కొంపలేం మునగవు.

గళ్లచొక్కా
చెంబు ఆయన చేతికే ఇవ్వమన్నారు చూడండి, అది మాకు తట్టలేదు. రేపే చూస్తాను.

మూడోది
సదస్సుకి ఎవర్ని పిలవాలో నేను చెప్తాను. ఫోనులో మాట్లాడే తోబుట్టువుల్ని పిలవండి. మా అక్క వారానికోసారి చేస్తుంది. ఆ పది నిమిషాలూ మా అమ్మ ఎంత చక్కగా మాట్లాడుతుందంటే, పిల్లల చదువులు అడుగుతుంది, ఆరోగ్యం జాగ్రత్త అంటుంది. ఫోను పెట్టేసి "ఎవరే అది" అని నన్నడుగుతుంది. అక్క మాత్రం "అమ్మ బాగానే ఉంది, నీకే ఓపిక లేదు" అంటుంది. నాకు జబ్బుతో యుద్ధం చెయ్యడం కంటే ఈ మాట మొయ్యడం కష్టంగా ఉంది.

బావిగిలక
మా అన్నయ్యా అంతే. ఒకసారి నాన్నని మూడు రాత్రులు వాడింట్లో దింపి వచ్చాను, నాకు జ్వరమని. నాలుగో రోజు వాడే ఫోను చేశాడు. మాట్లాడలేదు, ఏడ్చాడు. గేటు తాళం తీసింది ఆ తర్వాతే.

సూదిమందు
మూడోది అమ్మా, కొత్తవాళ్ల ముందు, డాక్టరు ముందు, ఫోనులో ఉన్న శక్తంతా కూడదీసుకుని మామూలుగా కనిపించడం ఈ జబ్బులో ఉన్నదే. మీ అమ్మ నాటకమాడటం లేదు, మీ అక్క అబద్ధమాడటం లేదు. ఆ పది నిమిషాలకి ఆవిడ రోజంతా అలిసిపోతుంది, ఆ అలసట నీ వాటాకి వస్తుంది. పొద్దు వాలాక మీ అమ్మ ఎలా ఉంటుందో ఒక కాగితం మీద రోజూ నాలుగు ముక్కలు రాయి. డాక్టరుకీ పనికొస్తుంది, అక్కకీ పంపొచ్చు.

మూడోది
అలసట నా వాటాకి వస్తుందన్నారు. ఈ మాట ఇంతవరకూ ఎవరూ నాతో అనలేదు. థాంక్సండీ.

ఒంటిస్తంభం
నేను ఇలాంటి చోట్ల రాయను. ఇది చూసి రాస్తున్నాను. మగవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఆవిడకి ఇది ఆరో ఏడు. 68 ఏళ్లకి నేను జడ వెయ్యడం నేర్చుకున్నాను. మొదట్లో పాయలు జారిపోయేవి. అద్దం ముందు కూర్చోబెట్టేవాణ్ణి. ఒక రోజు అద్దంలో మనిషిని చూసి "ఆవిడెవరు, ఇక్కడికెందుకొచ్చింది" అని గొడవ. అద్దానికి దుప్పటి కప్పాను, గొడవ పోయింది. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చోబెట్టి వేస్తున్నాను. పాయ గట్టిగా లాగితే తల కొంచెం వెనక్కి వాలుస్తుంది, పెళ్లైన కొత్తలో వాళ్లమ్మ జడ వేస్తున్నప్పుడు ఎలా వాల్చేదో అలాగే. నన్ను గుర్తుపట్టి ఏడాదైంది. ఆ తల వాల్చడం మాత్రం పోలేదు.

మీటింగుకి రమ్మంటే నేనూ రాను. వచ్చి ఏం చెప్పాలి?

వేపగాలి
ఇప్పుడు చెప్పారే, అదే.

చాక్‌పీసు
ఒంటిస్తంభం గారూ, మీ పోస్టు చదివి కాసేపు పక్కకెళ్లి వచ్చాను. మీరొస్తే ఏమీ చెప్పక్కర్లేదు. కూర్చుంటే చాలు.

నీలిగోడ
ఒక సందేహం. మా మావయ్యకి సాయంత్రమైతే గోడ దగ్గర చిన్నపిల్లలు కనిపిస్తారు. "కూర్చోమనండి, నిలబడే ఉన్నారు" అంటారు. నడక కూడా బిగుసుకుంటోంది. పక్కింటావిడ వాళ్లాయనకి రాసిన నిద్రమాత్ర ఇస్తానంది, దాంతో వాళ్లాయన నిమ్మళంగా ఉంటున్నారట. ఇవ్వొచ్చా?

సూదిమందు
వద్దు. దయచేసి వద్దు. ఒకరి మందు ఇంకొకరికి ఎప్పుడూ ఇవ్వకూడదు, మీ మావయ్య విషయంలో అసలే వద్దు. లేనివి అంత స్పష్టంగా కనిపించడం, నడక బిగుసుకోవడం రెండూ కలిస్తే లూయీ బాడీ అనే రకం కావచ్చు. ఆ రకంలో, అలజడి తగ్గడానికని ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు పడితే మనిషి కొయ్యలా బిగిసిపోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఈ రకం కాకపోయినా డిమెన్షియాలో ఆ జాతి మందులతో పక్షవాతం, మరణం ముప్పు పెరుగుతుందని తేలింది. డాక్టర్లు తప్పనిసరైతేనే, తక్కువ మోతాదులో, కొన్నాళ్లకే వాడతారు. మీరు చెప్పిన రెండు గుర్తులూ ఇదే మాటల్లో డాక్టరుకి చెప్పండి. పిల్లలు ఆయన్ని భయపెట్టకపోతే కంగారు పడొద్దు. "కూర్చోమన్నాను మావయ్యా" అంటే సరి. దీపాలు చీకటి పడక ముందే వెయ్యండి, నీడలు తగ్గుతాయి.

తూర్పుగాలి
"కూర్చోమన్నాను" అనడం అబద్ధం కాదా? అబద్ధానికి అలవాటు పడితే మనం ఆయన్ని మనిషిగా చూడ్డం మానేస్తామేమో. ఊరికే వాదించడం లేదు, నాకు నిజంగా సమాధానం లేని ప్రశ్న.

రాత్రిడ్యూటీ
మొదటి ఏడాది నేనూ అలాగే అనుకున్నాను. మా మావగారు పోయి పన్నెండేళ్లు. అత్తగారు "ఆయనింకా రాలేదే" అంటే నిజం చెప్పాను. ఆవిడ అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకున్నారు. అరగంటకి మర్చిపోయారు, మళ్లీ అడిగారు. మళ్లీ చెప్పాను. ఒకే రోజు నాలుగుసార్లు ఆవిడకి మొగుణ్ణి చంపాను నేను. ఆ నిజం ఎవరికి పనికొచ్చింది?

తూర్పుగాలి
నా దగ్గర జవాబు లేదు. ఇలా ఆలోచించలేదు.

ఒంటిస్తంభం
రెండూ కాని దారి ఒకటుంది. మా ఆవిడ వాళ్లమ్మ గురించి అడుగుతుంది. ఉందనీ అనను, పోయిందనీ అనను. "మీ అమ్మ నీకు ఈత నేర్పిందట కదా" అంటాను. ఇక ఆ మాట పట్టుకుని పోతుంది. అడిగింది అమ్మ కావాలని, అమ్మ సంగతులు దొరికాయి.

రాత్రిడ్యూటీ
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. టీచరుగారూ, ఈయన్ని మాట్లాడించండి సదస్సులో, ఏం చెప్పాలి అంటున్నారు!

ఇంకుబుడ్డి
ఇప్పుడే మొత్తం చదివాను. రాత్రిడ్యూటీ అడిగినట్టు జబ్బున్నవాళ్లనీ చూసుకునేవాళ్లనీ కలిపి పిలవడం కొత్తేమీ కాదు. నెదర్లాండ్స్‌లో బేరె మీసెన్ అనే మనస్తత్వ నిపుణుడు 1997లో ఆల్జీమర్ కేఫ్ అని మొదలుపెట్టాడు. భార్యాభర్తలే ఒకరితో ఒకరు ఈ జబ్బు మాట ఎత్తుకోలేకపోతున్నారని గమనించాడాయన. అందుకే నెలకోసారి ఒక చోట, ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేలా, కొంచెం మాట, కొంచెం పాట. చాలా దేశాలకి పాకింది.

పోస్టరు మీద పేరు గురించి కూడా. జపాన్‌లో ఈ జబ్బుకి వాడే పాత మాటకి తెలివితక్కువతనం అనే అర్థం వస్తోందని 2004లో ప్రభుత్వమే ఆ పేరు మార్చేసింది. మరుసటేడు డిమెన్షియా సపోర్టర్లని తయారుచెయ్యడం మొదలుపెట్టారు. గంటా గంటన్నర శిక్షణ, గుర్తుగా అప్పట్లో చేతికి నారింజరంగు పట్టీ. బ్యాంకు గుమాస్తాలు, బడిపిల్లలు, దుకాణాలవాళ్లు అందరూ తీసుకుంటారు. కోటి మంది దాటారు. వాళ్లేదో వైద్యం చెయ్యరు. దారి తప్పిన పెద్దాయన కనిపిస్తే వెనకనుంచి కేకెయ్యకుండా, ఎదురుగా వచ్చి, మెల్లగా ఒక్క ప్రశ్న అడగడం తెలుసు, అంతే.

బావిగిలక
మా నాన్న రెండుసార్లు తప్పిపోయారు. రెండోసారి దొరికింది బస్టాండులో. గంటన్నర అక్కడే బల్ల మీద కూర్చున్నారట. ఎంతమంది చూసి ఉంటారు! ఒక్కరికి తెలిసి ఉంటే చాలు కదా. టీచరుగారూ, మా అన్నయ్య సిగ్గుకి మందు ఇదే. వీధి మొత్తానికి నేర్పితే దాచడానికి ఏముంటుంది?

రాత్రిడ్యూటీ
వీధికి నేర్పండి, మంచిదే. కానీ వీధి నేర్చుకునేదాకా నాకు నిద్ర లేదు. రెండూ ఒకటే అనుకుని రెండోదానికే డబ్బూ ఓపికా ఖర్చు చేస్తారు ఎప్పుడూ. పట్టీ కట్టుకున్న పదిమంది కంటే గురువారం గురువారం వచ్చి గంట కూర్చునే ఒక మనిషి నాకు ఎక్కువ.

ఇంకుబుడ్డి
ఒప్పుకుంటున్నాను. మీ మాటకి రుజువు కూడా ఉంది. న్యూయార్క్‌లో మేరీ మిటిల్‌మన్ బృందం 406 మంది భార్యలూ భర్తల మీద ఏళ్లపాటు చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. సగం మందికి కౌన్సెలింగు, కుటుంబంతో కలిపి కూర్చోబెట్టి మాట్లాడించడం, సపోర్టు గ్రూపు, ఎప్పుడంటే అప్పుడు ఫోను చేసే వీలు ఇచ్చారు. వాళ్లు తమవాళ్లని ఇంట్లోనే ఉంచి చూసుకోగలిగిన కాలం సగటున 557 రోజులు పెరిగింది. ఏడాదిన్నర! జబ్బుకి కొత్త మందేదీ ఇవ్వలేదు, చూసుకునే మనిషిని పట్టించుకున్నారు, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇలా చూసుకునే గంటల్లో 70 శాతం ఆడవాళ్లవే. గురువారం వచ్చేవాళ్లలో మగవాళ్లు ఉండాలని నా కోరిక.

గళ్లచొక్కా
నాకు గురువారం ఖాళీ. పాటలు రావు, పేకాట వచ్చు.

రాత్రిడ్యూటీ
మా అత్తగారికీ పేకాట వచ్చు. ఇప్పుడు నియమాలు ఆవిడవే. ఓడిపోడానికి సిద్ధపడి రండి.

గళ్లచొక్కా
ముందు బాబాయి కబురు. నిన్న చెంబు చేతికిచ్చాను. కాళ్ల మీద తనే పోసుకున్నాడు. తర్వాత నా కాళ్ల మీద కూడా పోశాడు. ఇద్దరం తడిశాం. కొట్టలేదు.

సూదిమందు
శుభం.

చాక్‌పీసు
నాలుగు వారాల తర్వాత వస్తున్నాను. నిన్న మళ్లీ పెట్టాం. పోస్టరు వెయ్యలేదు. ఏడిళ్లకీ వెళ్లి "మీ ఇద్దరూ రండి, మీవాళ్ల దగ్గర కూర్చోడానికి మనుషులున్నారు" అని చెప్పాం. మధ్యాహ్నం వద్దని పొద్దున పదింటికి పెట్టాం, సాయంత్రమైతే వాళ్లకి అలజడి కదా. పక్కపక్కనే రెండు గదులు, మధ్య తలుపు తీసే ఉంచాం. నర్సు అమ్మాయి ఒకర్ని, కాలేజీ పిల్లలు నలుగుర్ని లోపలి గదిలో పెట్టాం. పిల్లలకి ముందురోజు గంట నేర్పాం. "గుర్తుందా" అని ఎవర్నీ అడగొద్దని, పేరు మీరే ముందు చెప్పుకోండని, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగండని. గుమ్మం ముందు నల్ల పట్టా ఉంటే తీసేశాం. వాళ్ల కంటికి అది గొయ్యిలా కనబడుతుందని సూదిమందు గారు ఫోనులో చెప్పారు.

ఏడిళ్లలో అయిదిళ్లు వచ్చాయి. డాక్టరుగారు కూడా వచ్చారు, స్లైడ్లు లేకుండా. మొదటి అరగంట ఆయన విన్నారు. నిజంగానే విన్నారు, కాగితం మీద రాసుకున్నారు.

లోపలి గదిలో ఒక పెద్దాయన, దర్జీగా చేసి మానేసినాయన. రాగానే తలుపు వైపే నడుస్తున్నారు. కాలేజీ అమ్మాయి ఆయన ముందు గుడ్డముక్కలు పెట్టింది. నిలబడే ఒకటి తీసుకున్నారు. అంచుకి అంచు కలిపి మడిచి, బొటనవేలి గోటితో మడత మీద గీరారు, ఇస్త్రీ పెట్టినట్టు గీత పడింది. జేనతో కొలిచారు. ఇంకోటి తీసుకున్నారు. కూర్చున్నారు. గంటా పది నిమిషాలు లేవలేదు. వాళ్లబ్బాయి ఇవతలి గదిలోంచి మెడ సాచి చూసి, "ఇంట్లో పది నిమిషాలు కూర్చోరండీ" అని నాతో అని, మళ్లీ చూసి, ఇక మాట్లాడలేకపోయాడు.

క్రితంసారి పావుగంటకి వెళ్లిపోయినావిడ చివరిదాకా ఉంది. గంటసేపు ఒక్క మాట అనలేదు. చివర్న మాత్రం "ఇక్కడ ఇంకో అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవచ్చా" అంది. తాళం వేసే అబ్బాయిని ఆపాం.

మూడోది
అయిదు నిమిషాలు ఊరికే. ఎందుకడిగిందో నాకు తెలుసు.

ఒంటిస్తంభం
దర్జీగారి అబ్బాయికి చెప్పండి, చేతులు చివరిదాకా గుర్తుంచుకుంటాయని.

తూర్పుగాలి
ఆ 46 మంది సంగతి కూడా చూడండి టీచరుగారూ, వదిలెయ్యకండి. బీపీ చూసే పని నేను చేస్తాను.

చాక్‌పీసు
వదలను. అది వేరే రోజు, పోస్టర్లతో సహా. రాత్రిడ్యూటీ గారి గురువారం మాత్రం ముందు. ఇప్పటికి మాకు ముగ్గురు దొరికారు, వారానికి ఒక్కో ఇంట్లో గంటన్నర కూర్చోడానికి. అయిదిళ్లకి ముగ్గురు చాలరు. వెతుకుతున్నాం.

పాతగొడుగు
ఈ చర్చ మొదటిరోజు నుంచీ చదువుతున్నాను, రాయలేదు. టీచరుగారూ, మీ ఏడిళ్లలో రాని రెండిళ్లలో మాదొకటి అనుకుంటాను. మా అమ్మ ఎక్కడా కూర్చోదు. నడుస్తూనే ఉంటుంది, మధ్యలో గట్టిగా అరుస్తుంది కూడా. అక్కడ అందరికీ ఇబ్బంది అని తీసుకురాలేదు. ఈసారి తీసుకురావచ్చా?

చాక్‌పీసు
తీసుకురా అమ్మా. గదుల వెనక పొడుగు వరండా ఉంది, రెండు వైపులా గేటు వేసే ఉంటుంది. ఆవిడతో పాటు నేను నడుస్తాను. అరిస్తే అరవనీ. పదింటికి కష్టమైతే పదకొండుకి రా, నేనే వీధి చివరికొచ్చి నిలబడతాను.